పిడికెడు బియ్యం, మూడో వంతు చేను

(కర్నూలు, కడప జిల్లాల నుంచి చర్చి స్త్రీల సంఘాల వాళ్ళూ, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలూ కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

చర్చిల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు వందనాలు. మహిళా సంఘాల నుంచీ సంస్థల నుంచీ వచ్చిన మిత్రులకు నమస్కారాలు.

రెండు పలకరింపులు ఎందుకంటే, ఈ హాల్లో కూడా మనం రెండు వైపులుగా కూర్చున్నాం. ఒకవైపు సేవ అనే మాట ఎక్కువగా వినబడుతుంది. రెండోవైపు హక్కు అనే మాట. సేవ చేసేవాళ్ళకు హక్కుల మాట కొట్లాట లాగా ఉంటుంది. హక్కుల కోసం పనిచేసేవాళ్ళకు సేవ అంటే దానధర్మం లాగా కనబడుతుంది. నేను ముప్పయ్యేళ్ళకు పైగా ఈ రెండిటి మధ్యా తిరిగినదాన్ని. క్రైస్తవ విశ్వాసం చేతల్లోకి, ఊరి వ్యవహారాల్లోకి ఎట్లా రావాలో మాట్లాడమన్నారు. పెద్ద మాటలు నాకు రావు. నేను చేసిన ఒక తప్పు చెప్పి మొదలుపెడతాను.

మా అమ్మ కర్నూలు జిల్లాలో ఒక మెట్ట ఊళ్ళో బైబిల్ ఉమన్. జీతం తక్కువ, నడక ఎక్కువ. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. బియ్యం ఉన్న ఇంట్లో బియ్యం, లేని ఇంట్లో జొన్నలో కొర్రలో. ఆదివారం అవి చర్చికి చేరేవి. పాస్టరుగారి ఇల్లు గడిచేది వాటితోనే, పండగ జరిగేది వాటితోనే. ఇంట్లో ఏమీ లేనివాళ్ళకు అమ్మ వాటిలోంచే చాటతో కొలిచి పంపేది. నాకు తెలిసిన మొదటి క్రైస్తవం ఆ గింజల కుండే.

పెద్దయ్యాక నేనూ ఆ పనిలోకే వచ్చాను. ఒక ఊళ్ళో మా సంఘంలో ఒకామె భర్త చనిపోయాడు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. భర్త పేరు మీద ఆరెకరాల మెట్ట చేను ఉంది. మగపిల్లవాడు లేడు కాబట్టి చేను తనదేనని బావగారు అన్నాడు. పెద్దమనుషుల్ని పిలిచి కాగితం రాయించాడు. చేను మీద తనకూ పిల్లలకూ ఏ హక్కూ లేదని, కొంత డబ్బు ముట్టిందని అందులో ఉంది. పిల్లల పెళ్ళిళ్ళు మేమే చూసుకుంటాం అని నోటిమాటగా చెప్పారు. ఆమె నన్ను అడిగింది, "ఏం చేసేది అక్కా?" అని. "అయినవాళ్ళతో కొట్లాట ఎందుకమ్మా, దేవుడు చూసుకుంటాడు" అన్నాను. ఆమె వేలిముద్ర వేసేటప్పుడు పక్కన కూర్చుని ప్రార్థన కూడా చేశాను.

తర్వాత నెలనెలా మా కుండలోని గింజలు ఆమె ఇంటికి పంపాం. పిల్లలకు పాత బట్టలు ఇచ్చాం. మంచి పని చేస్తున్నామనే అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి ఆమె ఆ చేన్లోకే శనక్కాయలు పీకే కూలికి పోయింది.

నేను ఆమెకు సేవ చేశాను. ఆ సేవ అవసరం ఎందుకు వచ్చిందో మాత్రం అడగలేదు. అవసరం పుట్టించిన కాగితం దగ్గర నేనే కూర్చుని ఉన్నాను.

చాలా ఏళ్ళకు ఒక శిక్షణలో న్యాయవాది ఒకామె 1925 భారత వారసత్వ చట్టం గురించి చెప్పింది. క్రైస్తవులకు వర్తించేది అదే. విల్లు రాయకుండా భర్త చనిపోతే, పిల్లలు ఉన్నప్పుడు, ఆస్తిలో మూడో వంతు భార్యకు. మిగిలిన రెండు వంతులు పిల్లలకు, కొడుకనీ కూతురనీ తేడా లేకుండా సమానంగా. అంటే ఆ ఆరెకరాల్లో రెండెకరాలు ఆమెవి. మిగతా నాలుగూ ఆ ఇద్దరు ఆడపిల్లలవి. బావగారికి ఒక్క సెంటు కూడా లేదు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

కేరళలో మేరీ రాయ్ అనే ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో గెలిచిన సంగతి మీలో చాలామందికి తెలుసు. తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు అంతవరకూ వేరే పాత చట్టం అడ్డుగా ఉండింది. ఆమె పోరాడి ఈ 1925 చట్టం కిందికి రాగలిగింది. మనకు ఆ అడ్డు లేదు. మన తెలుగు జిల్లాల్లో చట్టం మొదటి నుంచీ మన వైపే ఉంది. వాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నదాన్ని మనం ప్రార్థన చేసి మరీ వదిలేసుకున్నాం. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తండ్రి విల్లు రాసి కొడుకులకే ఇచ్చిపోతే ఈ చట్టం ఆపదు. కాబట్టి చనిపోయాక మాట్లాడితే చాలదు, బతికున్న తండ్రులతోనూ మాట్లాడాలి.

ఇది చెప్పి నేను సేవను తక్కువ చేయడం లేదు. ఈ ఎండిన నేల మీద మన సంఘాలు పెరిగిందే కరువు సేవలో. కడపలో లండన్ మిషన్ వాళ్ళు 1822 నుంచి ఉన్నారు. ముత్యాలపాడు, నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. 1876-78లో ధాత కరువు వచ్చింది. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారంటే అది ఎంతటి కరువో ఊహించుకోండి. ఆ కరువు తర్వాతే మాల, మాదిగ పల్లెలు పెద్ద సంఖ్యలో సంఘాల్లోకి వచ్చాయి.

ఆ రోజుల్లో పక్కనే ఒంగోలులో జరిగినదొకటి చూడండి. అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ గంజి పోయడంతో ఆగలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. పల్లెల వాళ్ళకు పని, పనికి కూలి దొరికేటట్టు చూశాడు. ఆయన ఉద్దేశాల గురించి వాదనలు ఉండొచ్చు. కానీ ఒక్క మాట మనం పట్టుకోవాలి. గంజి పోసేవాడి దయ మీద బతికే మనిషి వేరు, చేసిన పనికి కూలి అడిగే మనిషి వేరు.

తర్వాత బళ్ళు, ఆసుపత్రులు వచ్చాయి. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి, కర్నూలులో కోల్స్ హైస్కూలు పేర్లు ఈ ప్రాంతంలో ఎవరికి తెలియవు? ఊరి బావి దగ్గరికి రానివ్వని ఇళ్ళలోంచి టీచర్లు, నర్సులు వచ్చారు. మన అవ్వలు, అమ్మలు పలక పట్టింది అక్కడే. ఆ సేవ మనల్ని నిలబెట్టింది. నిలబెట్టిన తర్వాత జరగాల్సింది ఒకటుంది. నిలబడ్డ మనిషి నోరు తెరవాలి. అక్కడే మనం ఆగిపోయాం.

నోరు తెరవడం భక్తికి విరుద్ధం అని మనలో చాలామందికి ఒక భయం. వాళ్ళ కోసం సెలోపెహాదు కూతుళ్ళను గుర్తు చేస్తాను. సంఖ్యాకాండంలో ఉన్నారు. ఆదివారం ప్రసంగాల్లో వాళ్ళ గురించి నేను విన్నది చాలా తక్కువ. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు అక్కచెల్లెళ్ళు. తండ్రి చనిపోయాడు, అన్నదమ్ములు లేరు, భూమి పంపకం జరుగుతోంది. మగబిడ్డ లేడని తండ్రి వాటా పోవాల్సిందేనా అని వాళ్ళు అడిగారు. ఎక్కడ అడిగారు? ఇంట్లో కాదు. గుడారపు గుమ్మం దగ్గర, మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దలందరి ముందు, సమాజమంతా చూస్తుండగా అడిగారు. మన భాషలో చెప్పాలంటే గ్రామసభలో లేచి నిలబడి అర్జీ పెట్టారు. మోషే దగ్గర జవాబు లేదు. దేవుడి దగ్గరికి తీసుకుపోయాడు. వాళ్ళు అడిగింది న్యాయమే అని దేవుడు చెప్పాడు. ఆ ఐదుగురి కోసం చట్టమే మారింది.

కథ అక్కడితో అయిపోలేదు. కొన్ని అధ్యాయాల తర్వాత వాళ్ళ వంశపు మగ పెద్దలు వచ్చి, ఆ అమ్మాయిలు వేరే గోత్రం వాళ్ళను పెళ్ళి చేసుకుంటే భూమి బయటికి పోతుందని అభ్యంతరం చెప్పారు. తమ గోత్రం వాళ్ళనే చేసుకోవాలని షరతు పడింది. ఇదీ మనకు తెలిసిన కథే. హక్కు రాగానే వెనకాలే షరతు వస్తుంది. కాబట్టి ఒకసారి గెలిచి ఇంటికి పోయి కూర్చోవడానికి లేదు.

చట్టాలు మారడానికి ఎన్నేళ్ళు పడుతుందో విడాకుల విషయంలో చూశాం. 1869 నాటి చట్టంలో భర్త విడాకులు కోరాలంటే భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్య కోరాలంటే అది ఒక్కటీ చాలదు. దానితో పాటు హింసో, వదిలేసి పోవడమో ఇంకొకటి కూడా రుజువు చేయాలి. వట్టి హింసకైతే విడాకులే లేవు. 1995లో కేరళ హైకోర్టు ఆ షరతులను తప్పుపట్టింది. క్రైస్తవ స్త్రీల సంఘాలు ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. నూట ముప్పయి ఏళ్ళు! అన్నేళ్ళు దెబ్బలు తిని చర్చికి వచ్చిన స్త్రీలకు మనం చెప్పింది ఓర్చుకోమని. ఓర్పు మంచిదే. కానీ ఒకరికే నేర్పే ఓర్పును ధర్మం అనలేం.

చర్చి లోపల కూడా అడిగితేనే మారింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాల్లో చాలా భాగం అందులో కలవలేదు. అంత పాత పద్ధతి పట్టుకున్న ప్రాంతం అని పేరు. ఆ దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీకి మొదటిసారి గురుపట్టాభిషేకం జరిగింది 1976లో. 2013 సెప్టెంబరులో ఆ సంఘానికి మొట్టమొదటి స్త్రీ బిషప్ అయిన ఎగ్గోని పుష్పలలితగారు బాధ్యత తీసుకున్నది ఎక్కడ? అదే నంద్యాల అధ్యక్ష ఖండంలో. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన మనిషి ఆమె. మనకు గర్వకారణం. కానీ ఒక్కరు పీఠం ఎక్కినంతమాత్రాన పల్లె చర్చిలో చాప పరిచే చేతులు, లెక్కల పుస్తకం పట్టే చేతులు ఒకటి కావు. మీ పాస్టరేటు కమిటీలో ఎంతమంది స్త్రీలున్నారో, ఉన్నవాళ్ళు కానుకల లెక్క గురించి ఎన్నిసార్లు నోరు తెరిచారో మీరే చెప్పండి.

ఇప్పుడు అందరికీ తెలిసీ ఎవరూ మైకు ముందు అనని మాట ఒకటి అంటాను. కులం సర్టిఫికెట్ సంగతి.

మన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. బాప్తిస్మం తీసుకుంటే ఊళ్ళో కులం పోయిందా? హోటల్లో గ్లాసు మారిందా? శ్మశానం మారిందా? ఏదీ మారలేదు. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను బీసీ-సి అంటారు, వాటా ఒక శాతం. హాస్టలు, స్కాలర్‌షిప్పు లాంటి కొన్ని సౌకర్యాలకు 1977 నుంచి ఒక జీవో ఉంది. కానీ చట్టసభల, పంచాయతీల రిజర్వుడు స్థానాలకు అది పనికిరాదు. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, మతం మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పింది.

ఈ భారం స్త్రీ మీద ఎట్లా పడుతుందో చూడండి. పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు 73వ సవరణతో 1993లో వచ్చాయి. మన రాష్ట్రంలో 2011 చట్టంతో సగం అయ్యాయి. ఒక ఊరు ఎస్సీ మహిళకు రిజర్వు అయిందనుకోండి. ఆ ఊళ్ళో నలుగురి ముందు మాట్లాడగల దళిత స్త్రీ ఎవరు? చాలా ఊళ్ళలో ఆమె చర్చిలో పాట నేర్పే మనిషే, ప్రార్థన కూడిక నడిపే మనిషే. ఆమె నిలబడాలంటే తన విశ్వాసం దాచుకోవాలి. విశ్వాసం చెప్పుకుంటే పోటీ వదులుకోవాలి. నామినేషన్లు వేసే రోజుల్లో ఆదివారం ఎవరెవరు చర్చిలోకి పోతున్నారో అవతలి పక్షం వాళ్ళు ఫొటోలు తీయడం నేను కళ్ళారా చూశాను. ఒకామె నాతో అంది, "అక్కా, సోమవారం నుంచి శనివారం దాకా నేను హిందువును. ఆదివారం తలుపేసుకుని క్రైస్తవురాలిని" అని. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

దాచుకో అని ఆమెకు చెప్పడం సులువు. నువ్వు అబద్ధమాడుతున్నావని పులిపిట మీద నుంచి మందలించడం ఇంకా సులువు. ఆమెను ఆ ఇరుకులో పెట్టిన ఉత్తర్వు మార్చమని బయటికి వచ్చి అడగడమే కష్టం. విశ్వాసం చేతల్లోకి రావడం అంటే ఇక్కడ రావాలి. సంస్థల నుంచి వచ్చిన మిత్రులకు కూడా ఒక మనవి. ఇది మతం గొడవ, మనకెందుకు అని పక్కన పెట్టకండి. ఇది ఒక దళిత స్త్రీ తన ఊరికి సర్పంచి కాగలదా లేదా అన్న ప్రశ్న.

మన జిల్లాల ఆడవాళ్ళకు ఇదంతా చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం ఇక్కడికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలించేశారు. ఇక్కడ కూడా చూడండి, గెలిచి ఇంటికి పోతే ఏమవుతుందో! అదే దశకంలో మన ఓర్వకల్లు మండలంలో ఆడవాళ్ళు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. చిన్న చిన్న మొత్తాలతో మొదలుపెట్టి, ఊరి సంఘాలన్నీ కలిపి మండల ఐక్య సంఘం చేసుకున్నారు. అప్పుల దగ్గరే ఆగకుండా పిల్లల చదువు దాకా పోయారు. పొదుపు సంఘం అనే మాట పుట్టకముందే మన అమ్మలకు పిడికెడు గింజల కుండ ఉంది. పిడికెడు పిడికెడు కూడబెట్టి చర్చి గోడలు లేపినవాళ్ళు ఒక అర్జీ రాయలేరా?

అందుకని ఇక్కడి నుంచి పోయి చేయగలిగిన నాలుగు పనులు చెబుతాను. నాలుగూ ఖర్చు లేనివే.

ఒకటి, వారానికొకసారి జరిగే స్త్రీల కూడికలో ఒక అరగంట చట్టానికి ఇవ్వండి. వారసత్వం, విడాకులు, 2005 గృహహింస చట్టం వరసగా చెప్పుకోండి. మన సంఘంలో ఏ స్త్రీ అయినా ఆస్తి కాగితం మీద వేలిముద్ర వేయాల్సి వస్తే, ముందు ఆ కాగితాన్ని మనలో ఒకరు గట్టిగా చదివి వినిపించాలి. ప్రార్థన తర్వాత చేద్దాం.

రెండు, కడప వైపు నుంచి వచ్చినవాళ్ళకు. మీ ఊళ్ళ నుంచి ఇంటిపనికి కువైట్ పోయే ఆడపిల్లలు పోయేముందు చర్చికి వచ్చి ప్రార్థన చేయించుకుంటారు. చేయండి. దానితోపాటు ఆమె పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, పంపుతున్న ఏజెంటు పేరు, అతని రిజిస్ట్రేషన్ నంబరు, అక్కడి యజమాని చిరునామా చర్చి రిజిస్టరులో రాసిపెట్టండి. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనిషిని పంపకూడదు. అటువంటి దేశాలకు ఇంటిపనికి పోవాలంటే ముప్పయ్యేళ్ళు నిండాలని కూడా నిబంధన ఉంది. వయసు పెంచి రాయిస్తున్నారని తెలిస్తే ఆపండి. ఆమె ఫోను రాని రోజున పోలీసుల దగ్గరికీ కలెక్టరు దగ్గరికీ తీసుకుపోవడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

మూడు, ఆదివారం ప్రకటనల్లో కోత పండుగ తేదీతో పాటు గ్రామసభ తేదీ కూడా చదవండి. ఒక్కరు పోతే మాట పెగలదు. పదిమంది కలిసి పోండి. ఐదుగురు కలిసి పోయారు కాబట్టే మోషే విన్నాడు.

నాలుగు, మన బళ్ళలో, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో పనిచేసే స్త్రీల కోసం 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో అడగండి. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతిచోటా ఉండాలి. దేవుడి పని జరిగే చోట అటువంటివి ఉండవు అని ఎవరైనా అంటే, కమిటీ అవసరం అక్కడే ఎక్కువ అని చెప్పండి.

చివరగా మళ్ళీ ఆమె దగ్గరికే వస్తాను. కొన్నేళ్ళ కింద అదే మండలంలో మరో చిన్న వయసు ఆమెకు భర్త చనిపోయాడు. మళ్ళీ అదే రకం కాగితం. ఈసారి మేం పన్నెండు మందిమి ఆమెతో తహసీల్దారు ఆఫీసుకు పోయాం. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని, పేర్లు మార్చమని అర్జీ పెట్టాం. ఆరు నెలలు తిప్పారు, తిరిగాం. ఆమె పేరూ, ఇద్దరు పిల్లల పేర్లూ పాస్‌పుస్తకంలోకి ఎక్కాయి. ఆ పన్నెండు మందిలో ఆ మొదటి ఆమె కూడా ఉంది. తల నెరిసిపోయింది. పని అయిపోయాక బస్సు కోసం వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు నన్ను అడిగింది, "ఈ చట్టం అప్పుడు లేకుండెనా అక్కా?" అని.

ఉంది. ఆమె పుట్టకముందు నుంచీ ఉంది. నేను జవాబు చెప్పలేక తల వంచుకున్నాను.

అక్కలారా, చెల్లెళ్ళారా, రేపు మీ ఊళ్ళో ఎవరూ మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగే పరిస్థితి రాకూడదు. గింజల కుండ నిండనివ్వండి. ఆకలి ఉన్న ఇంటికి గింజలు పోవాలి. దానితోపాటు ఆ ఇంటి చేను ఏమైందని కూడా అడుగుదాం.